రేడియోకు బొట్టు పెట్టిన రోజు

"ఒక్క అరగంట పని" అన్నాడు కృష్ణమోహన్.

అతని సంసారంలో జరిగిన అనర్థాలన్నీ ఈ మాటతోనే మొదలయ్యాయి. అరగంట పని అని ఫ్యాను తుడవడానికి స్టూలెక్కితే, దిగేసరికి ఇంట్లో కరెంటు లేదు. అరగంట పని అని కుళాయి వాషరు మార్చబోతే, గల్లీ గల్లీ అంతా చెప్పులు చేతపట్టుకుని నడిచింది. అయినా మనిషికి బుద్ధి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ రెండో శనివారం పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే మళ్లీ అదే మాట అనేశాడు.

"రేడియోకు తెర బిగిచ్చుడే యశోదా. ఒక్క అరగంట."

"ఇయ్యాల దాన్ని ముట్టుకున్నరంటే చూడుండ్రి" అంది యశోద, చీపురు ఆపకుండానే. "పదకొండింటికి సంఘం ఎన్నికల మీటింగున్నది. కాలనీ ఆడోళ్లందరు మనింటికే వస్తున్నరు. నేను గెలిస్తే మీ రేడియో గీ అర్రల ఉంటది. ఓడిపోతే నా కుట్టుమిషన్లు గీడికొస్తయి, మీ డబ్బ సజ్జ మీదికెక్కుతది. ఏం గావాల్నో మీరే సోంచాయించుకోండ్రి."

ఇందులో బెదిరింపేమీ లేదు, ఉన్న మాటే. యశోద ఆడపిల్లలకు కుట్టు నేర్పుతుంది. మిషన్లన్నీ వసారాలో ఇరుక్కుని ఉంటాయి, వాన జల్లు కొడితే వాటి మీద గొడుగులు పట్టాలి. కాలనీకి ఒక సంఘం హాలుంది కానీ, దాని తాళంచెవి ఏళ్ల తరబడి మహిళా సంఘం అధ్యక్షురాలు ఇందిరమ్మ దగ్గరే ఉంది. ఎప్పుడడిగినా "యాడనో వడ్డది, దేవులాడుతున్న" అంటుంది. అడిగీ అడిగీ విసిగిపోయిన యశోద, ఈసారి అధ్యక్ష పదవికి తానే నిలబడింది. గెలిస్తే హాలు తెరుచుకుంటుంది, మిషన్లు అక్కడికి పోతాయి. ఓడితే వాటికి ఇంట్లోనే చోటు కావాలి. ఇంట్లో మిగిలిన గది ఒక్కటే, అందులో కృష్ణమోహన్ రేడియో కాపురముంటోంది. అందుకే యశోద గెలవాలని యశోద కంటే ఎక్కువగా కోరుకునే మనిషి మెదక్‌లో ఎవరైనా ఉన్నారంటే అది ఆమె మొగుడే.

కృష్ణమోహన్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటు. సరదాకొద్దీ పరీక్ష రాసి రేడియో లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. అతని దగ్గరున్నది పాటలు పాడే రేడియో కాదు, స్కానర్. గాలిలో పోయే సిగ్నళ్లను ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయి, ఎక్కడైనా మాట దొరికితే అక్కడ ఆగి వినిపిస్తుంది. మెదక్ మీదుగా హైదరాబాద్ పోయే విమానాల పైలట్ల మాటలు వింటుంటే అతనికి అన్నం కూడా గుర్తుకురాదు. ఒక్కటే బాధ. దాని డిస్‌ప్లే అగ్గిపెట్టె కన్నా చిన్నది, బటన్లు కందిగింజంతవి. అంకెలు చదవాలంటే కళ్లద్దాల మీద భూతద్దం పెట్టాలి. అందుకే జీతంలో మిగుల్చుకుని ఒక టచ్ స్క్రీన్, దాన్ని నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు తెప్పించుకున్నాడు. కొరియర్ నిన్ననే వచ్చింది. కొత్త బట్టలు బీరువాలో పెట్టి పండుగ దాకా ఆగమంటే పిల్లలు ఆగుతారా? అతనూ అంతే.

యశోద స్నానానికి పోగానే తలుపు దగ్గరేసి పని మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే, ఈసారి పని చక్కగానే సాగింది. స్కానర్‌కు బోర్డు కలిపాడు, బోర్డుకు తెర కలిపాడు. సౌండు, స్టేషను, చివరికి ఆన్, ఆఫ్ కూడా తెర మీదికే తెచ్చాడు. ఇక వీటితో పనేముందని పాత బటన్లు ఊడబెరికి డబ్బాలో వేశాడు. కరెంటు పోతే ఆగిపోకూడదని బ్యాటరీని లోపలే పెట్టి నాలుగు స్క్రూలూ గట్టిగా బిగించాడు. తెర వెలిగింది. నల్లటి నేల మీద రంగురంగుల గీతలు, బతుకమ్మకు పేర్చిన పూల వరుసల్లాగా. ఒక గీత మీద వేలు పెట్టాడో లేదో, ఆకాశంలో ఎక్కడో పైలట్ ఇంగ్లీషులో గొణిగాడు. కృష్ణమోహన్‌కు ఒళ్లు పులకరించింది.

అప్పుడే పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని పక్కింటి పద్మమ్మ వచ్చింది.

"ఏంది తమ్మీ గిది, టీవీనా?"

"టీవీ గాదక్కా. గాలిల ఏం పోతున్నా గీ తెర మీద గీత లెక్క కనవడ్తది. గా గీత మీద ఏలు వెడితే సాలు, మాట ఇనవడ్తది."

పద్మమ్మ గిన్నె కిందికి దించింది. "ఫోన్ మాటలు గూడ గాలిలనే పోతయి గదా తమ్మీ?"

"ఆఁ, గాలిలనే పోతయి" అన్నాడు కృష్ణమోహన్, సైన్సు ప్రకారం.

అది నిజమే. కానీ "అవి దీంట్ల రావు" అన్న రెండో సగం చెప్పేలోపు ఇంకో విమానం దొరికింది. అతను తెర వైపు తిరిగిపోయాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి గిన్నె ఉంది, పద్మమ్మ లేదు. టేక్మాల్‌లో ఉన్న చెల్లెలితో పద్మమ్మ పొద్దూమాపూ ఫోన్లో మాట్లాడుతుందనీ, అందులో ఈ గల్లీలో ఏ ఒక్కరినీ వదిలిపెట్టదనీ పాపం అతనికేం తెలుసు?

"ఓ, మిమ్ముల్నే! కుర్చీలు తక్కువైనయి. పరశురాం ఇంట్లకెల్లి తీసుకురాండ్రి" అని యశోద కేక వేసింది. కృష్ణమోహన్ దొరక్కుండా బయటపడ్డందుకు సంతోషిస్తూ గదిలోంచి లేచాడు. పోతూ పోతూ తల్లి వజ్రమ్మను మాత్రం పిలిచి చూపించాడు. పిల్లవాడు మంచి మార్కులొస్తే ముందు తల్లికే కదా చూపిస్తాడు.

"కొత్త మిషనారా?" అంది వజ్రమ్మ, కళ్లు చికిలించి.

"కొత్తదేనే అమ్మా."

"మరి బొట్టేది?"

కృష్ణమోహన్ అప్పటికే గడప దాటాడు. వజ్రమ్మ మాత్రం దేవుడి గూటి వైపు నడిచింది. ఆ ఇంట్లోకి వచ్చిన ఫ్రిజ్జుకు, మిక్సీకి, బండికి, కుట్టుమిషన్లకు అన్నిటికీ ఆమె చేతి బొట్టే. పసుపు నీళ్లలో తడిపి దిట్టంగా రాసి, దాని మీద కుంకుమ దిద్దితే తప్ప ఆమె దృష్టిలో ఏ మిషనూ మిషను కాదు.

పరశురాం ఆర్టీసీ కండక్టరు. కుర్చీలు ఇవ్వకుండా కృష్ణమోహన్‌ను గోడచాటుకు లాక్కుపోయాడు.

"అన్నా, మా ఇంట్ల చెప్పకే. నీ కాల్మొక్కుత."

"ఏం జెప్పద్దు?"

"తెల్వనట్టు అడుగుతవేందే? శనివారం ఒక్కపొద్దు అని ఇంట్ల చెప్పి, బస్టాండు కాడ మిర్చీలు తింటున్న. దుకాన్లోనికి ఫోన్ జేసి వేడివేడిగ తియ్యమంట గదా, నువ్వు ఇనే ఉంటవు."

"నేనేడ ఇన్ననయ్యా!"

"గదే అన్నా. ఇననట్టే ఉండు" అని పరశురాం చెయ్యి నొక్కి, కుర్చీలు తానే నెత్తిన పెట్టుకున్నాడు.

రెండిళ్లు దాటగానే గడపలో యాదలక్ష్మి. ఆమె కళ్లలో నీళ్లు. "అన్నా, యశోదక్కకు చెప్పకు. ఓటు నీకే అని ఆమెకు జెప్పిన, ఇందిరమ్మకు గూడ గదే జెప్పిన. ఫోన్ల మా అమ్మతోని అన్న మాట నువ్వు ఇన్నవంట గదా."

"ఒట్టు యాదలక్ష్మీ! నా రేడియోల ఫోన్లు రావమ్మా!"

"గీ మంచితనమే అన్నా నీది. ఇని గూడ ఇననట్టుంటవు."

కాదన్నకొద్దీ నమ్మకం పెరిగే అబద్ధం లోకంలో ఇదొక్కటే. కృష్ణమోహన్ గబగబా ఇంటిదారి పట్టాడు. గల్లీ పొడుగునా మనుషులు ఫోన్లు ఆపేసి కొంగుల్లో చుట్టుకుంటున్నారు. ఒకావిడైతే ఫోన్ను పప్పు డబ్బాలో వేసి మూత పెట్టింది. పద్మమ్మ కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగినట్టుంది. ఇలాగైతే యశోదకు ఒక్క ఓటైనా పడుతుందా? దొంగచాటుగా ఇళ్లలో మాటలు వినే మొగుడున్న ఆడదాన్ని ఎవరు గెలిపిస్తారు? అతని కళ్ల ముందు సజ్జ కనబడింది. దాని మీద పాత చాటలు, విరిగిన ఫ్యాను రెక్కలు, వాటి మధ్య తన రేడియో.

మీటింగ్ మొదలయ్యేసరికి వసారా నిండింది కానీ చప్పుడు లేదు. ఎప్పుడూ ఒకరి మాట మీద ఒకరు పడే ఆడవాళ్లు, చేతులతో సైగలు చేసుకుంటున్నారు. పరశురాం కుర్చీలు దింపి ఒక మూల నిలబడ్డాడు. యశోద నవ్వుతూ చాయ్ ఇస్తే గ్లాసు అందుకుంటున్నారు గానీ ఆమె ముఖం చూడటం లేదు. ఆమెకేమీ అర్థం కాలేదు.

అర్థమయ్యేటట్టు ఇందిరమ్మే చెప్పింది. గంజి పెట్టిన చీర కట్టుకుని, అందరికంటే ఆఖరున వచ్చి, కూర్చోకుండానే అందుకుంది.

"అమ్మల్లారా, మంచిగ ఆలోచన జేసుకోండ్రి. మనం ఫోన్ల ఏం మాట్లాడుకుంటున్నమో గీ ఇంట్ల మిషన్ వెట్టి ఇంటున్నరంట. ఇయ్యాల ఫోన్లు, రేపు మన వంటింట్ల ముచ్చట్లు. గసొంటోళ్ల చేతుల సంఘం వెడుదమా?"

"వద్దు వద్దు" అన్నట్టు తలలు అడ్డంగా ఊగాయి. యశోద మెల్లగా తల తిప్పి మొగుడిని చూసింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ చూపు అతను రెండుసార్లే చూశాడు, రెండుసార్లూ బజారు భోజనమే తిన్నాడు.

"గదంతా ఝూటా!" అన్నాడు కృష్ణమోహన్, ముందుకొచ్చి. "నా రేడియోల ఇమానాలు తప్ప ఇంకేం రావు. మీ కండ్ల ముందటనే చూపెడ్త, రాండ్రి."

గది తలుపు బార్లా తీశాడు. తీసి, అలాగే నిలబడిపోయాడు.

తెర మీద మూడు పెద్ద పసుపు బొట్లు, ఒక్కోదాని నడుమ కుంకుమ. ఇంకా తడి ఆరలేదు. టచ్ స్క్రీన్‌కు వేలేదో, తడి పసుపేదో తెలియదు. ఎవరో మూడు వేళ్లు ఎడాపెడా నొక్కుతున్నారనుకుని అది గంగవెర్రులెత్తింది. గీతలు ఇటు నుంచి అటు పరుగెడుతున్నాయి, స్టేషన్లు వాటంతటవే మారిపోతున్నాయి, సౌండు పెరుగుతూనే ఉంది.

"అయ్యో, ఎవరు వెట్టిండ్రే గిది!" అని భుజం మీది తువ్వాలతో తుడవబోయాడు. వజ్రమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"వెట్టిన బొట్టు తుడుస్తవారా? ఇంటి కోడలు పోటీల నిలవడ్డనాడు? పాపం తగుల్తది!"

"అమ్మా, గది ఖరాబైతదే! ఇడువు!"

తల్లీకొడుకుల పెనుగులాటలో తువ్వాల బొట్ల మీద ఒక్కసారి రాసుకుంది. మూడు బొట్లు కలిసి తెరంతా పసుపైంది. అంతకుముందు మూడు వేళ్లు నొక్కుతున్నాయనుకున్న తెర, ఇప్పుడు మూడు వందల వేళ్లనుకుంది. సౌండు చిట్టచివరికి పోయింది. ఆపుదామంటే ఆపే బటను ఆ పసుపు కిందనే ఉంది. ప్లగ్గు పీకాడు. బ్యాటరీ ఉంది కదా, ఆగలేదు. గీతలు గిరగిర తిరిగి ఒకచోట ఆగాయి. అంతే, ఇల్లంతా దద్దరిల్లేలా ఒక మగ గొంతు.

"అరేయ్ ఎల్లేష్! షామియానాలు తక్కువైతే సంఘం హాల్లకెల్లి తేపోరా. తాళంచెవి మా బియ్యం డబ్బల ఉన్నది. ఎవ్వలు చూడకుంట ఎనక తలుపు తియ్యి. తాళం పోయిందని మా ఇందిర అందరికి చెప్పిపెట్టింది. ఆమె ఓడిపోతే మన సామాన్లన్ని యాడ వెట్టాలెరా? కిరాయి లేని గోదాం ఇంకేడ దొరుకుతది?"

ఆ గొంతు కాలనీలో ఎవరికి తెలియదు? టెంట్‌హౌసు మల్లేశం. ఇందిరమ్మ భర్త.

ఇందిరమ్మ చీరకున్న గంజి అంతా ఒక్కసారిగా దిగిపోయినట్టయింది. హాలు ఎందుకు తెరుచుకోలేదో ఇప్పుడందరికీ తెలిసింది. కానీ ఆ క్షణంలో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. వాళ్లకు తెలిసింది ఇంకొకటి. ఈ మిషన్ నిజంగానే అన్నీ వింటుంది! ఎక్కడో ఉన్న మల్లేశాన్నే వదల్లేదు, ఇక మనమెంత? తరువాతి గొంతు ఎవరిదో?

ముందుగా పద్మమ్మ లేచింది. మిషన్ చెప్పేకంటే తానే చెప్పుకుంటే పరువు కొంచెమైనా దక్కుతుందనుకుంది కాబోలు. "వజ్రమ్మత్తా, రోజు తెల్లారకముందే కూరలకని నీ పెరట్ల కల్యామాకు తెంపేది నేనే. కోతులని జెప్పిన. కోతులు గాదు."

"యశోదక్కా, నీకే ఓటని ఇద్దరికి జెప్పిన" అని యాదలక్ష్మి ఏడ్చింది.

"నేను గూడ ఇద్దరికి జెప్పిన" అంది ఇంకొకావిడ.

"నేనుసుత" అంది మరొకావిడ. ఆ తర్వాత చేతులు వరుసగా లేచాయి. కాలనీలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఒకరికే మాట ఇచ్చినవాళ్లు లేరు. ఇంతలో మూలన పరశురాం "ఇగ నావల్ల గాదు" అని మిర్చీల సంగతి పెళ్లాం ముందే కక్కేశాడు. ఆమె అతని వైపు చూసి, నిన్న రాత్రి తనకోసం పక్కకు తీసిపెట్టిన చికెన్ ముక్కల సంగతి తానూ చెప్పుకుంది. గుమ్మంలో నిలబడి వజ్రమ్మ అందరి ముఖాలు మురిపెంగా చూస్తోంది. తన బొట్టు మహిమకు ఆమె కళ్లే చెమర్చాయి.

ఇందిరమ్మ మాత్రం కొంగులోంచి ఫోన్ తీసి మొగుడికి కొట్టింది. "నోరు మూస్కో! ఒక్క మాట మాట్లాడకు!"

"ఎందుకే? ఏమైందే?" అని రేడియో గట్టిగా అడిగింది.

"మాట్లాడకంటే ఇనవా!"

"గుస్సెందుకైతున్నవే? నిన్న కుండల అన్నం నేను తినలేదే, ఎల్లేష్ తిన్నడు!" అని రేడియో మొరపెట్టుకుంది. ఇందిరమ్మ ఫోన్ పెట్టేసి తల పట్టుకుంది. రేడియో ఆగలేదు. "మా ఆమెకు ఏందో అయిందిరా ఎల్లేష్, పోయొస్త." ఆ తర్వాత చెప్పుల టపటప, ఎగశ్వాస. కుక్క మొరిగింది రేడియోలో, అదే కుక్క గల్లీ చివర కూడా మొరిగింది. చెప్పుల చప్పుడు రేడియోలోనూ, గల్లీలోనూ దగ్గరైంది. గేటు తోసుకుని మల్లేశం లోపలికి అడుగు పెట్టాడు.

అంతే, రేడియో కీ...మని ఒక అరుపు అరిచింది. ఆడవాళ్లందరూ చెవులు మూసుకున్నారు. మల్లేశం అడుగు వెనక్కి వేస్తే అరుపు తగ్గింది, ముందుకేస్తే పెరిగింది. అతని చొక్కా కాలరుకు చిన్న వైర్లెస్ మైకు, నడుముకున్న పెట్టెలో పచ్చలైటు. కాలనీ వెనక ఫంక్షన్ హాల్లో పెళ్లి ఉంది. యాంకర్ కోసం తెచ్చిన మైకు పెట్టుకుని చూసి, సౌండు బాక్సులు ఇంకా బిగించక తన మాట ఎక్కడా వినబడలేదు కాబట్టి, తీయడం మరిచిపోయాడు.

కృష్ణమోహన్ ఒక్క ఉరుకున వెళ్లి ఆ పెట్టె మీది స్విచ్చి నొక్కాడు. రేడియో నోరు పడిపోయింది. ఎంత చల్లని నిశ్శబ్దమో!

"గిదే! గీ మైకు మాట గాలిల వొయ్యి నా రేడియోల వడ్డది. తడి బొట్టు తాకి తెర దానంతటదే గీడికొచ్చి ఆగింది. గంతే! ఫోన్లు రావు. ఇండ్లల్ల ముచ్చట్లు రావు. దేవుడు సాక్షి, ఎవ్వలి మాట నేను ఇనలే!"

ఈసారి నమ్మారు. మైకు కళ్ల ముందే ఉంది మరి. "హమ్మయ్య!" అని వసారా వసారా అంతా ఒక్కసారే ఊపిరి వదిలింది. పప్పు డబ్బాలో ఫోన్ దాచిన ఆవిడ దేవుడికి దండం పెట్టుకుంది. అందరి ముఖాలూ విప్పారాయి. విప్పారినవి అలాగే ఆగిపోయాయి. మిషన్ ఏమీ వినలేదు సరే. కానీ ఇంతసేపూ తమ నోటితో తామే అన్నీ చెప్పేసుకున్నారు కదా! ఒకరినొకరు చూసుకున్నారు. పద్మమ్మకు ముందు నవ్వొచ్చింది. ఆపుకుందామని కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. ఆమెను చూసి యాదలక్ష్మి, ఆమెను చూసి మిగతావాళ్లు, కడుపులు పట్టుకుని నవ్వారు.

"ఇగ ఓట్లు వేసుకుందమా?" అంది యశోద, కళ్లు తుడుచుకుంటూ.

ఒక్కొక్క చెయ్యీ లేచింది, అన్నీ యశోదకే. ఆఖరున ఇందిరమ్మ చెయ్యి కూడా మెల్లగా లేచింది. "తాళంచెవి తెస్త తియ్" అంది నేల చూపులు చూస్తూ.

"మరి నా షామియానాలు యాడ వెట్టుకోవాలె?" అన్నాడు మల్లేశం దీనంగా.

"గా బియ్యం డబ్బలనే వెట్టుకో అన్నా" అంది కొత్త అధ్యక్షురాలు.

అందరూ పోయాక గదిలో మొగుడూ పెళ్లాలే మిగిలారు. కృష్ణమోహన్ పొడిగుడ్డతో తెర తుడుస్తున్నాడు గానీ చెవులు రెండూ వెనకే ఉన్నాయి. గెలిస్తే రేడియో ఉంటుందన్నది నిజమే, కానీ ముట్టుకోవద్దన్నది కూడా నిజమే కదా.

"ముట్టుకోవద్దని చెప్పిన గదా?"

"చెప్పినవు."

"నా పరువు పోతుండె."

"పోతుండె" అన్నాడు, తల ఇంకా కిందికి దించి.

యశోద కాసేపు ఆ తెరను చూసింది. పసుపు పోయి గీతలు మళ్లీ మెరుస్తున్నాయి. వేలు చాపి ఒక గీతను ముట్టుకుంది. పైలట్ ఎవరో మర్యాదగా ఏదో అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. "ఉండనియ్యిండ్రి. గీ అర్రలనే ఉండనియ్యిండ్రి. రేపు మాత్రం మిషన్లన్ని హాలుకు మీరే మోయాలె." కృష్ణమోహన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. మిషన్లేమిటి, అడిగితే ఆ హాలునే మోసుకొచ్చేవాడు.

అన్నట్టు, ఇళ్లకు పోయేముందే మహిళా సంఘం, కొత్త అధ్యక్షురాలి ఆధ్వర్యంలో మొదటి తీర్మానం ఏకగ్రీవంగా చేసింది, ఆ రోజు అక్కడ విన్నది ఎవరూ గడప దాటించకూడదని. సాయంత్రానికి ఆ విన్నదంతా పక్కూరు హవేలిఘనపూర్‌లో కూడా అందరికీ తెలిసింది, ఏ మిషనూ లేకుండానే.